కళ్ళజోళ్ళాయన నారంగ విజయము

వినుడు. చేతిలోని పనిని పక్కన పెట్టి, పొయ్యిమీద ఏమైన ఉన్నచో మంట తగ్గించి వచ్చి మరీ వినుడు. నేను చెప్పబోవునది రాజ్యములు కూలిన గాథ కాదు, రథములు విరిగిన రణము కాదు, అంతకంటె కష్టమైనది. ఒక అల్లుడు తన అత్తగారి కొరకు మంచి కమలాపండ్లు కొని, వానిని చెడకుండ దాచిన మహోదంతము. నవ్వుచున్నారా? నవ్వుడు. మీ ఫ్రిజ్ అడుగు అరలో ఏమేమి మగ్గుచున్నవో నాకు తెలియదా.

అది చలి పోవలెనో ఉండవలెనో తేల్చుకొనలేక తటపటాయించుచున్న కాలము. బాలభానుడు ఎదురింటి నీళ్ళ ట్యాంకును అతికష్టముమీద అధిరోహించి, మేడమీది వంటింటి కిటికీలోనికి తొంగిచూచి, అచట బోర్లించిన గిన్నెలపై తన కిరణములను ఆరవేయుచున్న శుభముహూర్తమున, ఆ గృహమునకు పేరునకు యజమానియు, నిజమునకు గ్యాస్ బండ మోయువాడును, వీధిమలుపునందలి కళ్ళజోళ్ళ దుకాణమునకు ఏకచ్ఛత్రాధిపతియు, నేత్రపరీక్షావిశారదుడును, సమీపదూరదృష్టిదోషవిధ్వంసకుడును అగు మన కథానాయకుడు, చేత టీ గ్లాసుతో భార్య యెదుట నిలబడియుండెను. ఆమె పన్నుల కార్యాలయమున ఉద్యోగిని. ఆ ఇంటి గుడ్డసంచికి సర్వాధికారిణి.

"ఏమండీ, ఇవాళ మాకు ఆడిట్. సాయంత్రం ఎప్పటికొస్తానో తెలీదు. అమ్మకి కమలాలు మీరే తేవాలి," అని ఆమె తలుపు వెనుక మేకునుండి సంచిని తీసి, ఇవ్వనా మాననా అన్నట్లు ఒక క్షణము ఊగి, కడకు ఇచ్చెను. "ఈసారైనా కాస్త కళ్ళు తెరిచి కొనండి."

ఊరిజనుల కన్నులు తెరిపించి అన్నము తినువానితో అనదగిన మాటయా అది? కాని ఆయన మారుపలుకలేదు. మారుపలుకుటకు నోరు లేదు. ఎందువలననగా వెనుకటి నెలలో, అత్తగారు వచ్చిన తొలినాడే, ఆయన సగర్వముగ సంచి భుజమున వేసికొనిపోయి, పిల్లలాడుకొను బంతులంతేసి కమలాలను, అద్దమువలె మెరయువానిని, ఏరియేరి తెచ్చియుండెను. ఆ అత్తగారు సామాన్యురాలు కాదు. ఉద్యోగవిరమణ చేసిన లెక్కల టీచరు. ఆమె కొలువున్నంతకాలము తలలు పండిన విద్యార్థులు సైతము ఆమె నోటినుండి ఆశించిన పరమోత్కృష్టప్రశంస ఒక్కటే, "పర్లేదు." దానికి దిగువది "సర్లే." దానికిని దిగువది మౌనము. ఆమె ఆనాడు ఒక పండును ఒలిచెను. ఒలుచుటకు శ్రమయే లేదు, తొక్క ముందే విడాకులిచ్చి కూర్చున్నది. ఒక తొనను నోటనుంచుకొని, నమలి, పిప్పిని మెల్లగ పళ్ళెపుటంచున పెట్టి, మిక్కిలి మర్యాదగా అడిగెను.

"బెండులా ఉంది. కళ్ళు మూసుకుని కొన్నారా బాబూ?"

ఆ మాట ఆయన గుండెలో ముల్లై దిగబడెను. మిగిలిన పండ్లో, ప్లాస్టిక్ కవరులో బిగించబడి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనుక మరుగుపడి, కొన్నాళ్ళకు వెలికివచ్చునప్పటికి పచ్చని బూజు మీసములు మొలిచియుండెను. ఆనాడే సంచి ఆయన అధికారమునుండి తొలగెను.

ఇపుడు పరువు మాత్రమే కాదు, అంతకు మించినది చిక్కులో పడెను. అత్తగారికి జ్వరము పట్టుకొని వదలుట లేదు. పాలు తెచ్చినచో వెగటు, రొట్టె తెచ్చినచో "తర్వాత." మంచముమీద ఆమె చేతిగాజులు మోచేతివరకు జారుచున్నవి. భార్య వంటింటిలో కుళాయి తిప్పి, నీటి చప్పుడు మాటున ఏడ్చుట ఆయన రెండుమార్లు విని, విననట్లు వచ్చేసెను. ముందునాటి సాయంకాలము ఆ వృద్ధమాత గోడవైపు తిరిగి, "కమలాపండైతే తింటానేమోనే," అని గొణిగెను. ఆ "ఏమో" పట్టుకొనియే మన వీరుడు రణరంగమునకు బయలుదేరెను.

రణరంగమనగా పళ్ళబండి. అచట, ఒకదానిపై నొకటి, వరుసపై వరుసగ, సువర్ణారుణకాంతులు వెదజల్లుచు, తడిగుడ్డతో తుడువబడి మరింత నిగనిగలాడుచు, నారంగసైన్యము వ్యూహము తీరియుండెను. ముందువరుసలో మహాకాయములు రొమ్ము విరుచుకొని నిలిచినవి. వెనుకవరుసలో చిన్నవి, కొంచెము మొరటువి, ఎవరును పిలువని పేరంటానికి వచ్చినట్లు ఒదిగి కూర్చున్నవి. మన వీరుని కుడికన్ను ముందువరుసలోని ఒక మహాకాయమును చూచి "ఇదే" అనెను. ఎడమకన్ను "అవును, ఇదే" అనెను. చేయి చాపబడెను. అంతలో బెండు జ్ఞప్తికి వచ్చెను.

చేయి నడుమనే ఆగిపోయెను. అపుడాయన తన హృదయాంతరాళమున ఇట్లు గర్జించెను: "ఓ నేత్రద్వయమా, ఇన్నేండ్లు ఊరివారి చూపును సరిదిద్దిన నన్ను అత్తగారి ముందర నవ్వులపాలు చేసితిరి. నునుపు చూచి మోసపోతిరి, పరిమాణము చూచి పరవశించితిరి. లోపల రసమున్నదో గాలియున్నదో చెప్పలేని మీకు ఈ బండియొద్ద ఏమి పని? నేటితో మీకును నాకును చెల్లు. పొండు, రెప్పల మాటున పడియుండుడు." ఇంత గర్జన లోపల జరుగగా, పైకి వినబడినది, "ఒక్క నిమిషం అమ్మా," అనునది మాత్రమే. పిదప ఆయన తన కళ్ళజోడును తీసి, మడిచి, జేబులో పెట్టుకొని, నడిబజారున కన్నులు మూసెను.

అహో, ఆ హస్తద్వయసమరము. ఎడమచేత మహాకాయము, కుడిచేత మొరటుది. చూపునకు కొండంతయున్నది చేతికి దూదియై తేలెను. చూపునకు ఆననిది అరచేతిని క్రిందికి లాగెను. బొటనవ్రేలితో మెల్లగ అదుమగా మహాకాయము తొక్క లోపలికి కుంగెను. అచట తొక్కకును తొనలకును నడుమ గాలి కాపురముండెను. మొరటుదాని తొక్క బిగువుగా ఎదురుతిరిగెను. తొడిమయొద్ద ముక్కు చేర్చగా మహాకాయము ఉలకలేదు, పలకలేదు. మొరటుది మాత్రము ఘుమ్మని తన కులగోత్రములన్నియు చెప్పుకొనెను. ఇట్లు బరువు చూచి, బిగువు చూచి, వాసన చూచి, మెత్తని మచ్చ తగిలినదానిని నిర్దాక్షిణ్యముగ వెనుకకు త్రోసి, ఆ నిమీలితాక్షుడు ఒక్కొక్క యోధుని సంచిలోనికి దింపుచుండెను. వెనుక నిలిచిన జనము దగ్గుట మొదలుపెట్టెను.

పళ్ళావిడకు భయము పుట్టెను. "ఏంటి సార్, కళ్ళు తిరుగుతున్నాయా? ఇలా కూర్చోండి, మంచినీళ్ళిస్తా."

"కళ్ళు తిరగట్లేదమ్మా. కమలాలు ఏరుకుంటున్నా."

"కళ్ళు మూసుకునా?"

"ఆఁ."

"ఆ మూల కళ్ళజోళ్ళ షాపు మీదే కదా సార్?"

"మాదే."

ఆమె తన ముక్కుమీది కళ్ళజోడును, ఆయన దుకాణమునందే కొన్నదానిని, తీసి ఒకసారి తేరిపారజూచి, తుడిచి, మరల పెట్టుకొనెను. ఆ మధ్యాహ్నము ఆమె మరియొక కళ్ళజోళ్ళ దుకాణము కొరకు నలుగురిని విచారించెనని వినికిడి.

సాయంకాలము భార్య ఆడిట్‌నుండి ప్రాణములతో మరలివచ్చి సంచిలోనికి చూచెను. "చిన్నవి తెచ్చారేంటండీ? పెద్దవి దొరకలేదా?" అని, అలవాటుచొప్పున ఒక ప్లాస్టిక్ కవరు దులిపి విప్పెను. ఆ దులిపిన చప్పుడునకు మన వీరుని రోమములు నిక్కబొడుచుకొనెను. ఒక్క లంఘనమున పోయి, రెండు చేతులు చాచి, ఫ్రిజ్ తలుపునకు అడ్డముగ నిలిచెను.

"నిలువుము, గృహసామ్రాజ్ఞీ. ఈ పారదర్శకకారాగృహమున ఊపిరాడక, చెమ్మయందు నాని, ఒకదాని ఒంటినొకటి రాచుకొని, గతమాసమున ఎన్ని నారంగములు బూజురక్కసికి ఆహుతియయ్యెనో మరచితివా? నా కంఠమున ఊపిరి ఉండగా ఇంకొక పండు కవరులో అడుగిడదు" అని పలుకదలచి, ఆయన పలికినది ఇది:

"కవర్లో వద్దులే. చెమట పట్టి బూజొస్తుంది."

"మరెక్కడ పెడతారు, నా నెత్తిమీదా?"

న్యాయమైన ప్రశ్న. కవరు లేకుండ ఫ్రిజ్ క్రింది అరలో పెట్టవచ్చును, కాని అచట కూరగాయలు ఇతరులను కాలు మోపనీయవు. అందువలన ఆయన ఒక వెడల్పాటి అల్లిక బుట్ట తెచ్చి, అడుగున కాగితము పరచి, ప్రతి పండును పొడిగుడ్డతో ఒత్తి, ఒకదానిపై నొకటి ఎక్కకుండ, ఒకదానికొకటి తగలకుండ, ఒకే వరుసలో ఆసీనులను చేసెను. ఇక స్థానాన్వేషణము. ఇస్త్రీబల్లమీద పెట్టగా, "రేపు నా చీర ఎక్కడ ఇస్త్రీ చెయ్యను?" అని తరుమబడెను. ఫ్రిజ్ నెత్తిన పెట్టగా వేడి తగిలెను. టీవీ పక్కన పెట్టగా, "వార్తలు చూడాలా, పళ్ళు చూడాలా?" అని అచటినుండియు బహిష్కృతుడయ్యెను. కట్టకడపట ఆ బుట్ట, ఎండ పడనిదియు గాలి ఆడునదియు అగు అత్తగారి గదిలోని కిటికీగట్టుమీద, ఆమె మంచమునకు బారెడు దూరమున, శాశ్వతనివాసము పొందెను.

పొందినది గాని, ఆమె ఆ రాత్రి పండు ముట్టలేదు.

"నోరంతా చేదుగా ఉంది బాబూ. ఇప్పుడేం తిన్నా చేదే. చేదు నోటితో తిని పండుని తప్పుపడితే న్యాయం కాదు కదా," అని ఆ నిష్పక్షపాతి కన్నులు మూసుకొనెను. "నోరు బాగయ్యాక చెప్తా. అప్పటిదాకా పాడవకుండా చూడండి."

కొనుట యుద్ధమైనచో కాచుట తపస్సు. నాటినుండి ప్రతి ఉదయమును, దుకాణము తాళము చేతబట్టుటకు ముందే, మన వీరుడు పాదముల చప్పుడు కానీయక ఆ గదిలో ప్రవేశించి, కిటికీ ముందు నిలిచి, కళ్ళజోడు తీసి, కన్నులు మూసి, ఒక్కొక్క పండును అరచేత పొదివికొని, తడిమి, తిప్పి, వాసన చూచి, మరల దాని చోట దానిని దించుచుండెను. అత్తగారు నిద్రించుచున్నదని ఆయన నమ్మకము. ఆమె సగము రెప్పల సందునుండి అంతయు చూచుచుండెను.

"మీ ఆయన రోజూ పొద్దున్నే నా మంచం పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, ఏదో మొక్కుకుంటున్నాడే," అని ఆమె కూతురితో చెప్పెను. "నేను లేవాలనేమో, పాపం. ఆ రొట్టె ముక్క ఇలా ఇవ్వు, చూద్దాం."

నాటినుండి మన వీరుని టీలో చక్కెర పెరిగెను. అదేలనో ఆయనకు అంతుపట్టలేదు. అడుగుట క్షేమము కాదని త్రాగి ఊరకుండెను.

ఒకనాటి ఉదయము, అయ్యో, బుట్ట నడుమనున్న పండు బొటనవ్రేలికి లొంగెను. పైకి నవ్వుచునే యున్నది. చూచినవాడెవడును దానిని శంకించడు. కాని అడుగున, కాగితము తగులు చోట, ఒక పావలా అంత మెత్తదనము. కన్నులైనచో దాటిపోయియుండును, వ్రేళ్ళు దాటనీయలేదు. ఆయన ఆ ద్రోహిని చెత్తబుట్టకు పంపి, ఇరుగుపొరుగు పండ్లను మరల తుడిచి, కాగితము మార్చి, మిగిలినవానిని కొంచెము ఎడముగా జరిపెను. బూజురక్కసి ఆ ఇంటి గడపయందే తిరుగుముఖము పట్టెను.

ఈవిధముగ ఇంటిల్లిపాది కళ్ళు కాయలు కాచునట్లు ఎదురుచూడగా, ఒక సెలవుదినపు మధ్యాహ్నమున అత్తగారు లేచి దిండునకు ఆనుకొని కూర్చుండి, "నోరు బాగుందే ఇవాళ. ఆ పండొకటి ఇలా ఇవ్వు," అనెను.

భార్య ఇచ్చెను. మన వీరుడు గడపయందే ఆగిపోయెను. లోపలికి రాలేడు, వెలుపలికి పోలేడు. అత్తగారు గోరుతో తొక్కను గిల్లగనే సన్నని తుంపర ఎగసి, గదియంతయు మందుల వాసన మరచి కమలా వాసన కట్టెను. ఒక తొన నోటిలోనికి పోయెను. గింజలు అరచేతిలోనికి వచ్చినవి. పిప్పి మాత్రము రాలేదు. రెండవ తొన పోయెను. మూడవది పోయెను. పండు పండంతయు పోయెను.

"పర్లేదు," అని ఆమె పెదవులు తుడుచుకొనెను.

భార్య గిరుక్కున కిటికీవైపు తిరిగి కన్నులొత్తుకొనెను. ఈసారి కుళాయి దగ్గరకు పరుగెత్తలేదు. ఆమెకు ఎంత సంతోషమైనదో ఆమె వీపు చూచినను తెలియును.

"ఇంకోటుందా బాబూ?" అని అత్తగారు చేయి చాచెను. "పర్లేదు"కు పైమెట్టు ఒకటి కలదని లోకమునకు ఆనాడే తెలిసెను. రెండవ పండు ఒలుచుచు ఆమె ఆయనను ఎగాదిగా చూచెను. "బాగా ఏరారే. ఎలా కొన్నారివి?"

మన వీరుడు గొంతు సవరించుకొనెను. చెప్పవలసిన వీరాలాపములు ఎన్నియో కలవు. ఒక్కటియు నోటికి రాలేదు.

"కళ్ళు మూసుకుని కొన్నానండీ అత్తయ్యగారూ."

అత్తగారు తొన పట్టుకొన్న చేతిని దించి, కొంతసేపు లెక్క కట్టెను. "మరి రోజూ పొద్దున్నే ఆ మొక్కు?"

"మొక్కు కాదండీ. ఏది మెత్తబడిందో తడిమి చూస్తున్నా."

"అయితే నా కోసం కాదన్నమాట."

"మీ కోసమేనండీ. పళ్ళు మీకే కదా."

ఆమె నవ్వెను. జ్వరము వచ్చిన పిదప తొలిసారిగా, దగ్గు వచ్చునంతగా, దిండు జారునంతగా నవ్వెను. కూతురు వీపు నిమురగా ఊపిరి తీసికొని, "ఇక మీదట కూడా అలాగే కొనండి బాబూ, కళ్ళు మూసుకునే," అని తీర్పు చెప్పెను.

ఆ సాయంకాలము గుడ్డసంచి తలుపు వెనుక మేకునుండి దిగివచ్చి ఆయన చెప్పుల పక్కన కొలువుతీరెను. ఆయన దానిని భుజమున వేసికొని, రొమ్ము విరుచుకొని, గడప దాటుచుండగా వంటింటినుండి భార్య కేక వినబడెను.

"టమాటాలు కూడా తెండి. అవి మాత్రం కళ్ళు తెరిచి కొనండి."

కావున జనులారా, దిక్కులు నాలుగును వినునట్లు చాటుచున్నాను: మన కళ్ళజోళ్ళాయన దిగ్విజయము సంపూర్ణము, కమలాపండ్ల వరకు.