నర్సింగ విజయము అను రెండు మైకుల మిక్సరు సంగ్రామము

కాకతీయ శిలాతోరణములు నాలుగు దిక్కుల ద్వారపాలకులవలె నిలిచియున్న ఖిలా వరంగల్ మట్టికోట లోపల, మధ్యాహ్న మార్తాండుడు రేకుల కప్పులను పెనములవలె కాల్చుచుండగా, గోడమీది పిల్లులు సైతము పౌరుషము విడిచి నీడకు జరుగుచున్న వేళ, ఓ శ్రోతలారా, చెవులు రిక్కించుడు! సెల్లుల నోళ్లు మూయుడు! పొయ్యిమీద పప్పున్నవారు మంట తగ్గించి రండు! ఈ యుద్ధమున ఏనుగులు లేవు, రథములు లేవు. ఉన్నదొక్క పాత స్కూటరు. అయినను ఇది సామాన్య సమరము కాదు.

వీరుడు నర్సింగము. బీయే పట్టభద్రుడు, డోలువాద్యధురంధరుడు, జాతర జాతరకును తప్పిపోయిన గొర్రెపోతు కథ చెప్పి ముసలివాండ్రను ఏడిపించి పసివాండ్రను నిద్రపుచ్చిన కథకసార్వభౌముడు. అట్టివానికి కాలము ఎదురు తిరిగెను. వంతపాటగాండ్రలో ఒకడు కాజీపేటలో రైల్వే కాంట్రాక్టు కొలువున చేరెను. రెండవవాడు మామగారి కోళ్లఫారమునకు సేనాధిపతి యయ్యెను. అంతలో సొంతూరి పెద్దమనిషి కట్టయ్య ఫోనున రాయబారము నడిపెను.

"తమ్మీ, ఐతారం పండుగ. మంది లేరని రానంటివి. పోనీ ఇంట్లనే రికార్డు చేసి పంపు, మైకుల పెడ్తం. అది గూడ కాదంటే నీ బామ్మర్ది భానుచందర్ డీజే తయ్యారున్నది. అటెన్క నన్ననొద్దు మల్ల."

డీజే! ఆ రెండక్షరములు వీరుని వీనులలో ములుకులై దిగెను. తాతలు కథ చెప్పిన గద్దెపై బావమరిది డబ్బాలు దడదడలాడుటయా? నర్సింగము లేచి, తువ్వాల దులిపి, ఇంటి దూలము దద్దరిల్లునట్లు ప్రతిన బూనెను.

"కథ నేనే! వంత నేనే! డోలు నేనే! తాళము నేనే! నన్ను నలుగురిని ఒక్కటి చేయు మిక్సరు మహాయంత్రమును నేడే చేపట్టుదును! లేనిచో ఈ డోలు ముట్టను!"

"గిదంత కథల చెప్పుకో. ముందుగాల స్కూటర్ల పెట్రోలున్నదో చూడు," అనెను ధర్మపత్ని వినోద. జాకెట్లు కుట్టుటలో ఆమెకు కోటలో ఎదురులేదు. "ఇంకో మాట. గా మిక్సర్ పెడ్తే నా కుట్టుమిషిన్ బల్ల మీదనే పెట్టాలె. ఇంట్ల వేరే జాగ లేదు. పట్టనిది తెస్తివా, అదీ నువ్వూ వాకిట్ల పండుకుంటరు."

ఇట్లు యుద్ధధర్మమును శాసించి, కొలతటేపును వీరహారమువలె మెడన ధరించి, ఆమె వెనుక సీటు నధిరోహించెను. పక్కింటి మొగిలమ్మ అడ్డము వచ్చెను.

"ఏడికే పొల్లా, జంటగ పోతాండ్రు?"

"మిక్సర్ తేను పోతానం, పెద్దమ్మా."

"మంచిగైంది. నాది ఖరాబైంది. తెచ్చినంక నాకింత పప్పు రుబ్బియ్యి, గారెలు చేస్త."

శిరస్త్రాణధారియైన నర్సింగము వినలేదు. వినోద వినెను, నవ్వెను, విప్పి చెప్పలేదు.

హనుమకొండ చౌరస్తా దగ్గరి సౌండు దుకాణమున, యజమాని హరికృష్ణ గుడ్డ తొలగింపగా ప్రత్యక్షమైనదయ్యా ఒక మహాకాయము! రక్తపీతహరితదీపజాలమండితము, బతుకమ్మ పూలవలె వరుసలు తీరిన మీటల భాసురము! వీరుడు చూచెను. చూచి కరిగెను.

"పదహారు చానళ్లన్నా. పెండ్లి బ్యాండు మొత్తం దీంట్ల పడ్తది," అనెను హరికృష్ణ.

వినోద టేపు దూసెను. నిడివి కొలిచెను, వెడల్పు కొలిచెను. "సగం మిషిన్ మీద ఉంటది, సగం గాలిల ఉంటది," అనెను.

"కళాకారునికి పెద్దదే గావాలె, వదినా."

"ఈయనకెన్ని నోర్లున్నయన్నా?"

"నాలుగు పనులే!" అని వీరుడు గర్జించెను. "కథ, వంత, డోలు, తాళం!"

"నాలుగు ఒక్కపారే చేస్తవా?" అనెను వినోద.

హరికృష్ణ తల గోకికొనెను. "ఒకటెన్కొకటి చేస్తే చిన్నది గూడ సరిపోతది, నిజం చెప్పాలంటే."

వీరుడు లొంగునా? "పెద్దదాన్నే పరీక్షిస్త!" అని మైకు నందుకొనెను. "అనగనగ ఒక గొర్ల కాపరి పెద్దయ్య. ఆయనకొక గొర్రెపోతు..."

ఆగెను. దుకాణము నిశ్శబ్దము. దీపములు మిణుకు మిణుకుమనెను.

"కొమ్ములు దిరిగిన గొర్రెపోతు..."

మరల ఆగెను. జాతరలో వేలమంది ముందు వెరవని నాలుక, పదహారు చానళ్ల ముందు కట్టెయయ్యెను.

"ఏమైందన్నా, వైర్ లూజున్నదా?"

"వైరు గాదు తమ్మీ," అనెను నర్సింగము, దీనుడై. "ఎవ్వలు ఊఁ కొడ్తలేరు."

"వంత గూడ నేనే అంటివి గదన్నా?"

"నా కథకు నేనే ఊఁ ఎట్ల గొట్టుకోవాలె? ముందటికి పోతలేదు."

అప్పుడు స్టూలుపై కూర్చుండి టేపు చుట్టుకొనుచున్న వినోద, తలయెత్తకయే, "ఊఁ. గొర్రెపోతు. అటెన్క?" అనెను.

అంతే! కట్ట తెగిన చెరువువలె కథ దుమికెను. గొర్రెపోతు తప్పిపోయెను, పెద్దయ్య గుట్టలెక్కెను, వినోద ఊఁ కొట్టెను, చార్జరు కొనవచ్చినవారు చార్జరు మరచిరి. కథ ఆపి వీరుడు మహాకాయముపై తానే గుడ్డ కప్పెను.

"రెండు మైకులది చాలు తమ్మీ. ఒకటి నాకు. ఒకటి ఊఁకు."

ఆ సాయంత్రమే బుల్లి మిక్సరు కుట్టుమిషను బల్లపై ఆసీనమయ్యెను. పక్కన జానెడు జాగ కూడ మిగిలెను. రికార్డు మొదలయ్యెను. గొర్రెపోతు దొరకునో దొరకదో అను ఉత్కంఠఘట్టమున తలుపు కిర్రుమనెను. నానిన పప్పు గిన్నెతో మొగిలమ్మ!

"మిక్సర్ తెచ్చిండ్రట? అయ్యో, దీని జార్ ఏదే?"

రెండవ మైకు ఒక్క అక్షరము జారవిడువలేదు. తుడిచివేయబోయిన భర్త చేతిని వినోద పట్టుకొనెను. "ఉండనియ్యి. గొర్రెపోతు సంగతి చెప్పు." పప్పును వంటింటి మిక్సీ నలిపెను, కథను కుట్టుమిషను మోసెను.

రికార్డు ఊరు చేరెను. ఆదివారము కట్టయ్య నుండి ఫోను వచ్చెను. వెనుక ఊరంతయు నవ్వుచున్నది.

"తమ్మీ, గా జార్ ముచ్చట మల్లోపారి పెట్టుమంటాండ్రు! నీ బామ్మర్ది డబ్బాలల్లనే పెట్టినం. ఆయనే నొక్కుతాండు."

శ్రోతలారా, విజయము! డీజే డబ్బాలు గొర్రెపోతునకు దాసోహమనెను. అంతకు మించిన విజయము మరొకటి కలదు: మిక్సరు పక్కన మిగిలిన ఆ జానెడు జాగలో మొగిలమ్మ గారెల పళ్లెము, అంచు కూడ బల్ల దాటకుండ, అతికినట్లు పట్టెను! ఊఁ కొట్టినవారికి గారెలు, కొట్టనివారికి వాసన.