యోగ్యత తేలని రేకులు

మనిషి నెత్తిమీద కప్పు ఉండటం అవసరమే కావచ్చు. కానీ ఆ కప్పు వేసేవాడి యోగ్యత తేలకముందే నెత్తి తడవకూడదనుకోవడం మాత్రం తొందరపాటు. ఈ సత్యాన్ని భవన నివాసుల సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది (ఆ రోజు వాన లేదు).

పై అంతస్తులో రేకుల గదిలో ఉంటూ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే టైలరమ్మకు ఈ సత్యం కాస్త ఆలస్యంగా బోధపడింది. కప్పు కారుతోందని ఆమె మొర పెట్టుకోగానే సంఘం కొత్త రేకులు తెప్పించలేదు. రేకులు అమ్మేవాళ్ళ మంచిచెడ్డలు తేల్చడానికి ఒక ఉపసంఘాన్ని వేసింది. ఈలోగా ఆమె కుట్టుమిషనును ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుకుంటూ, తడిసిన గుడ్డ చూసినప్పుడల్లా గుండె చెరువు చేసుకునేది. బడి తెరిచేలోగా బట్టలు ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది మరి.

మొదట వచ్చిన వ్యాపారి నోరు జారాడు. "ఒక్క ఇంట్లో కారిందండీ. నేనే వెళ్ళి బాగుచేసి వచ్చాను" అన్నాడు. కారిన చరిత్ర ఉన్నందున అతన్ని తిరస్కరించారు. రెండోవాడు పుట్టి బుద్ధెరిగాక ఏ ఇంటికీ కప్పు వేయలేదు. కనుక అతను వేసిన కప్పేదీ కారలేదు. అతన్ని తర్వాతి దశకు పంపారు. తర్వాతి దశ అంటే, అతను కప్పు వేసిన ఇంటిని వానలో తనిఖీ చేయడం. అలాంటి ఇల్లు లేదు, వానలో బయటికి వెళ్ళే అలవాటు ఉపసంఘానికీ లేదు. రెండు ఇబ్బందులూ ఒకదానికొకటి సరిపోవడంతో విచారణ సాఫీగా సాగింది.

"ఈ మీనమేషాలు ఎన్నాళ్ళన్నయ్యా?" అని టైలరమ్మ కార్యదర్శిని మెట్ల దగ్గర పట్టుకుని అడిగింది.

"ఎవడికిబడితే వాడికి పని అప్పజెబితే రేపు కారదూ?"

"ఇవాళే కారుతోంది కదా."

"ఇవాళ్టిది పాత కారడమమ్మా. దానికి మా పూచీ లేదు."

వచ్చిన ప్రతి వ్యాపారీ నమూనా రేకులు డాబా మీద పెట్టి పోవాలని నియమం. తిరిగి ఇస్తే తిరస్కరించినవాళ్ళతో సంబంధం పెట్టుకున్నట్టవుతుందని ఇవ్వలేదు. అవి టైలరమ్మ గుమ్మం పక్కనే గుట్టపడ్డాయి. ఒక సాయంత్రం ఆమె అత్తగారు ఆ గుట్టను చూసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది.

"అడిగితే ఏమంటారో అత్తయ్యా."

"నిండా మునిగినదానికి చలేమిటే? ఆ చివర పట్టు."

ఎరుపూ నీలం రేకులు పాత కప్పు మీద పరిచి ఇటుకలు పెట్టారు. మర్నాడు కుండపోతగా కురిసింది. మిషను ఒకేచోట కదలకుండా నడిచింది. టైలరమ్మకు ఎంత సంతోషమేసిందంటే, సగం యూనిఫారాలు ఆ ఊపులోనే పూర్తిచేసింది.

వాన వెలిశాక ఉపసంఘం గొడుగులతో తనిఖీకి వచ్చింది. లోపల చుక్క తడి లేదు. కార్యదర్శి బయటికొచ్చి తలెత్తి చూశాడు.

"ఇవన్నీ మేం వద్దన్న రేకులు కదమ్మా."

"కారట్లేదన్నయ్యా."

"కారకపోవడం వేరు, యోగ్యత వేరు."

ఆ రోజే రేకులు దింపించారు. వాటిని ఎక్కడ భద్రపరచాలన్న దానిపై సుదీర్ఘంగా చర్చించి, చివరికి కార్యదర్శిగారి కారు షెడ్డు మీద పరిచారు (తాత్కాలికంగా). షెడ్డు అప్పటినుంచి పొడిగా ఉంది. మిగిలిన యూనిఫారాలు అందులో ఓ పక్కన కూర్చుని కుట్టుకుంటానని టైలరమ్మ అడిగింది.

ఆమె ఎలాంటి మనిషో తేల్చడానికి ఉపసంఘం వేశారు.