చిరునామా గడిలో సలాడ్

శుక్రవారం ఉదయం ఓర్విల్ హాగెన్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కోర్టులో ఒక కంచె తగాదాకు వాయిదా అడగడం, సాయంత్రం ఐదులోగా జిల్లా ఎన్నికల ఆఫీసులో నామినేషన్ పడేయడం. ముప్పై ఏళ్లుగా వకీలు, నాలుగుసార్లు రాష్ట్ర శాసనసభకు నెగ్గిన మనిషికి ఇదొక లెక్కా! పాతికమంది ఓటర్ల సంతకాలు కావాలి. భార్య ఆర్డిస్ ఆదివారం ఆ కాగితాన్ని చర్చిలో కాఫీ బల్ల మీద పెట్టి ముప్పై పట్టుకొచ్చింది.

ఓర్విల్ ఆ కాగితాన్ని శుక్రవారం ఉదయానికి గానీ విప్పి చూడలేదు. ఆ చర్చిలో కాఫీ బల్ల మీద కాగితం, పక్కన కలం కనబడితే అది తలా ఒక వంటకం తెచ్చే సామూహిక భోజనాల జాబితాయే. అందరూ పేరు రాసి, సంతకం చేసి, చిరునామా గడిలో తాము తెచ్చే వంటకం రాశారు. అందులో పన్నెండు ఆలుగడ్డల సలాడ్లు.

"పైన నామినేషన్ అని అంత లావున రాసుంది కదా!"

"పైన ఏముందో ఎవరు చదువుతారు? నువ్వు రాసిన చట్టాలు నువ్వే చదవవు," అంది ఆర్డిస్.

చిరునామా లేని సంతకం చెల్లదు. దిద్దితే సంతకం చేసినవాళ్లే దిద్దాలి. ఈ చట్టం తెచ్చిన మహానుభావుడు ఓర్విలే. కిందటిసారి మార్నా లిండ్ అనే బడిపంతులమ్మను దాంతోనే పోటీలోంచి తప్పించాడు. ఇప్పుడు తన సీటుకే ఎసరొచ్చింది.

కోర్టుకు ఫోన్ చేసి, కారెక్కి ఇంటింటికీ బయల్దేరాడు.

"చిరునామా దేనికి నాయనా? నా ఇంట్లోనే కూర్చున్నావుగా!" అంది ముసలి ఇంగా, కాఫీ పోస్తూ. ఎలాగో రాసింది. అంతలో ఆమె కన్ను జాబితా మీద పడింది. "పన్నెండు సలాడ్లా! బుద్ధుందా ఈ జనానికి?" అని ఫోనందుకుంది.

ఆ తర్వాత ఏ గడప తొక్కినా ఇదే వరస. "ఇంగా చెప్పింది, నేను చిక్కుళ్లకి మారిపోతున్నా," అని ఒకరు వంటకం దిద్దారే గానీ చిరునామా రాయలేదు. "ఇది భోజనాల జాబితా కాదు మహాప్రభో!" అంటే, "అయితే భోజనాలు లేవా?" అని ఇంకొకరు మొహం మాడ్చుకున్నారు. ప్రతి ఇంటా నచ్చజెప్పడం, ప్రతి ఇంటా కాఫీ.

ఐదుకు పది నిమిషాలుండగా, చిరునామా పడ్డ ఇరవైనాలుగు సంతకాలతో ఎన్నికల ఆఫీసులో పడ్డాడు. అక్కడ గుమాస్తా డెలోరిస్ కాక మిగిలింది, ఈసారీ పోటీకి దిగి, తన నామినేషన్ రసీదు కోసం వచ్చిన మార్నా ఒక్కతే. ఓర్విల్ అభిమానం చంపుకున్నాడు.

"మార్నా గారూ, ఒక్క సంతకం..."

"నేను పెడితే చెల్లుతుందా?"

"ఎందుకు చెల్లదమ్మా? వకీల్ని, నేను చెబుతున్నాగా!"

ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో చిరునామా రాసి సంతకం చేసింది. డెలోరిస్ కళ్లద్దాలు సవరించుకుంది.

"ఇది పోయింది ఓర్విల్ గారూ. మార్నా గారు మధ్యాహ్నం తన నామినేషన్ మీద మొదటి సంతకం చేశారు. ఒక ఓటరు, ఒకే నామినేషన్. మీ చట్టం, నాలుగో సెక్షను."

"అన్యాయం! అలాంటి సెక్షను ఏ బుద్ధిలేనివాడు..." అంటూ ఆగిపోయాడు. గడియారం ఐదు కొట్టింది. ఓర్విల్‌కు నిజంగానే ఏడుపొచ్చింది.

మార్నా జాలిపడింది. "నేను నెగ్గితే ముందు ఈ చట్టమే రద్దు చేయిస్తాను. ఇందులో తప్పులన్నీ ఏరి చూపించే మంచి వకీలు ఎవరైనా తెలుసా మీకు?"

ఓర్విల్ జేబులోంచి తన కార్డే తీసి ఇచ్చాడు.