అల్లుడుగారి చల్లగాలి

ఆ శనివారం పొద్దున ధనరాజ్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. అమ్మ వేసిన దిబ్బరొట్టె తినడం, బావ తిరుమలరావు కొత్తగా రాసిన ప్లగిన్‌ను తన గేమ్ మిషన్‌లో వేసుకుని కాసేపు ఆడడం, ఆ తర్వాత శ్రీకాకుళానికి ఫోన్ చేసి "బ్రహ్మాండం బావా" అనడం. మూడో పనికి రెండో పని అవసరం లేదని అతనికీ తెలుసు. ఆడినా ఆడకపోయినా బ్రహ్మాండమనే అనాలి. అవతల ఉన్నది ఇంటి అల్లుడు.

గేమ్ మిషన్ అంటే రెండు చేతులతో పట్టుకుని ఆడుకునే చిన్న కంప్యూటర్. దాన్ని తయారుచేసిన కంపెనీ ఇవ్వని సదుపాయాలను ఎవరో ఆసక్తి ఉన్నవాళ్లు చిన్న ప్రోగ్రాములుగా రాసి ఊరికే పంచిపెడుతుంటారు. వాటినే ప్లగిన్లంటారు. కంపెనీకి వాటితో సంబంధం ఉండదు, చెడిపోతే ఎవరి ఖర్మ వారిది. తిరుమలరావు రాసిన దాని పేరు 'చల్లగాలి'. మిషన్ వేడెక్కినప్పుడు లోపలి ఫ్యాన్‌ను ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో అది చూసుకుంటుంది.

చూసుకోవాలి. కానీ ధనరాజ్ కాసేపు ఆడేసరికి మిషన్ పెనంలా కాలింది. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ, ఊదుకుంటూ ఆడాడు. లోపల కోడ్ తీసి చూస్తే సంగతి బోధపడింది. ఎంత వేడికి ఫ్యాన్ తిరగాలో చెప్పే అంకె మరీ ఎక్కువగా ఉంది. "బావా, ఆ అంకె కాస్త తగ్గించు" అంటే అయిపోయే పని.

ఆ మాట అల్లుడితో ఎవరంటారు? వాళ్ల ఇళ్లల్లో అంత సాహసం చేసినవాడు ఒక్క పెదనాన్న నరసింగరావే. అల్లుడు కారు వెనక్కి తీస్తుంటే గుమ్మంలో నిలబడి "కొంచెం ఎడంకి బాబూ" అన్నాడు. ఆ అల్లుడు ఎడమకి తిప్పి, అట్నుంచి అటే ముందుకు పోనిచ్చి, మళ్లీ ఆ ఊరి ముఖం చూడలేదు. అప్పట్నుంచి అల్లుళ్లు ఏం చేసినా బాగుందనడమే వాళ్లకు అలవాటైపోయింది.

పైగా తిరుమలరావు సంగతి వేరు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీ మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు అతని ఉద్యోగం పోయింది. శ్రీకాకుళం వచ్చేశాక మనిషి ముడుచుకుపోయాడు. "ఇప్పుడేం చేస్తున్నారు?" అని ఎవరైనా అడుగుతారని పెళ్లిళ్లకు కూడా వెళ్లడం మానేశాడు. గెడ్డం పెరిగింది, మాట తగ్గింది. ఈ ప్లగిన్ రాసి, ముక్కూమొహం తెలియని నలుగురు బాగుందన్నాక ముఖంలో కాస్త కళ వచ్చింది. ఆ కళను చెడగొట్టేవాడు తాను కాకూడదని ధనరాజ్ గట్టిగా అనుకున్నాడు. బావంటే అతనికి ప్రాణం. అందుకే తన ఆఫీసు పనిని కూడా వారం వారం బావకి పంపి "ఒకసారి సూడు బావా" అనేవాడు. అవసరముండి కాదు, ఆయనకి పెద్దరికం ఇచ్చినట్టుంటుందని.

బావని నొప్పించకుండా జనం చేతులు కాపాడే ఉపాయం ఒకటి ధనరాజ్‌కి తట్టింది. తానే ఇంకో ప్లగిన్ రాశాడు. అది 'చల్లగాలి' పక్కనే కూర్చుని, వేడెక్కగానే ఫ్యాన్‌ను ముందుగా తిప్పేస్తుంది. ఇలాంటివి రాసేవాళ్లూ వాడేవాళ్లూ పోగయ్యే ఇంటర్నెట్ చావడిలో దాన్ని రాబర్ట్ అనే పేరుతో పెట్టాడు. ఎవరో దొరగారనుకుని బావ పట్టించుకోడని అతని లెక్క. చేతులు కాలినవాళ్లందరూ రెండూ కలిపి వేసుకున్నారు. ధనరాజ్ హాయిగా భోజనం చేశాడు.

సాయంత్రం శ్రీకాకుళం నుంచి ఫోన్ వచ్చింది.

"ఒరే ధనరాజూ, ఎవుడో రాబర్టట. నాను ఫ్యాన్ తిప్పకముందే ఆడు తిప్పేస్తన్నాడు. నా పనికి అడ్డొస్తాడేటిరా? ఆడంతు సూస్తాను."

"ఎవుడో పోన్లే బావా," అన్నాడు ధనరాజ్ నీరసంగా.

పోనిస్తే కథే లేదు. తిరుమలరావు మర్నాటికల్లా 'చల్లగాలి'ని మార్చాడు. ఎవరైనా ముందుగా ఫ్యాన్ తిప్పితే అది వెంటనే ఆపేస్తుంది. మళ్లీ చేతులు కాలుతున్నాయని జనం రాబర్ట్‌ని నిలదీస్తే, ఎవరైనా ఆపితే మళ్లీ తిప్పేలా ధనరాజ్ మార్చాడు. దాంతో ఎవరి మిషన్ చూసినా ఫ్యాన్ తిరగడం, ఆగడం, తిరగడం, ఆగడం. జలుబు చేసినవాడు గురకపెట్టినట్టు ఒకటే మోత. చావడిలో తిరుమలరావు పక్షం, రాబర్ట్ పక్షం అని రెండు పార్టీలు లేచాయి. బ్రెజిల్‌లో ఒకాయన, ఆ చప్పుడుకి తన పిల్లి మంచం కింద దూరి బయటికి రావడం లేదని రాసుకున్నాడు.

తిరుమలరావుకి ఇప్పుడు ఒక తోడు కావలసివచ్చింది. బామ్మర్దికి మించిన తోడెవరు? రోజూ ఆఫీసు పని అయ్యాక ధనరాజ్ ఫోన్లో బావతో కలిసి రాబర్ట్‌ని దెబ్బకొట్టే ఉపాయాలు ఆలోచించేవాడు. ఆ తర్వాత తలుపు వేసుకుని, రాబర్ట్ తరఫున వాటికి విరుగుడు రాసేవాడు. ఫోన్లో తిట్లు మాత్రమే వినబడే తల్లి లక్ష్మణమ్మ, అల్లుణ్ణి ఎవరో రాబర్ట్ ఏడిపిస్తున్నాడని గ్రహించింది. వాళ్ల ఊరు చీపురుపల్లిలో ఆమెకు తెలిసిన రాబర్ట్ ఒక్కడే, స్టేషన్ దారిలో మందుల షాపాయన. ఆమె బి.పి. మాత్రలు ఇంకో షాపులో కొనడం మొదలుపెట్టింది. ఎదురుపడి "బాగున్నారా అమ్మా?" అంటే ముఖం తిప్పుకుపోయింది. ఆ పెద్దమనిషి ఏం తప్పు చేశాడో తెలియక వీధి మధ్యలో నిలబడిపోయాడు.

ఇక చాలు, రాబర్ట్‌ని చంపేద్దామని ధనరాజ్ నిశ్చయించుకున్న రోజునే అక్క రేఖ ఫోన్ చేసింది.

"ఒరే, మీ బావ గెడ్డం గీసుకున్నార్రా."

"అవునా అప్పా?"

"ఇస్త్రీ సొక్కా ఏసుకుని కూకుంటన్నారు. అన్నం తింటా తింటా నవ్వుతన్నారు. ఆ రాబర్టెవడో గాని సల్లగుండాలి. ఆడు గాని మానీసేడంటే మళ్లీ ఈ మనిషి మంచం ఎక్కీసినట్టే."

ధనరాజ్ ఫోన్ పెట్టేశాడు. రాబర్ట్ ఉంటే లోకంలో ఫ్యాన్లన్నీ గోల. పోతే బావ గోల. బాగా ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. ఒకసారి మాట్లాడాలని బావ నాలుగు రోజులుగా చావడిలో రాబర్ట్‌ని అడుగుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్లో మాట్లాడదామని రాబర్ట్ ఒప్పుకున్నాడు. కెమెరా ఆపి, గొంతు మార్చి, "మీరే గెలిచారు, నేను తప్పుకుంటున్నాను" అని రెండు ముక్కలు చెబితే బావకి గౌరవం, రాబర్ట్‌కి మోక్షం. అతను చీపురుపల్లిలో, బావ శ్రీకాకుళంలో. ఇబ్బందేముంది?

ఆదివారం పొద్దున బావా అక్కా రైలు దిగి ఇంటికొచ్చేశారు.

"నీ ఇంగ్లీషు బాగుంటాది గదేటి, పక్కనుంటావని ఒచ్చీసేను," అన్నాడు తిరుమలరావు, సంచిలోంచి లాప్‌టాప్ తీస్తూ.

లక్ష్మణమ్మ నాటుకోడి పులుసు, పనసపొట్టు కూర చేసి అల్లుడికి వడ్డించింది. అతను సగం తిని, చెయ్యి కడుక్కుని, మిగిలింది తర్వాత తింటానని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. అనుకున్న వేళ అయింది. రాబర్ట్ రాలేదు. ఎలా వస్తాడు, పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడాయె. తిరుమలరావు చొక్కా కాలర్ సర్దుకున్నాడు. మళ్లీ తెర వైపు చూశాడు.

"రాడేమోరా," అన్నాడు మెల్లగా. "నాలాంటోడితో ఆడికేటి పని."

ఆ మాటకి ధనరాజ్ చటుక్కున లేచాడు. "ఆఫీసు ఫోను బావా, ఇప్పుడే వస్తాను" అని వెనక సామాన్ల గదిలోకి పరుగెత్తాడు. ఉల్లిపాయల బుట్ట పక్కన కూర్చుని, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఫోన్లో రాబర్ట్‌గా ప్రత్యక్షమయ్యాడు.

"హలో మిస్టర్ తిరుమల," అన్నాడు లోతైన గొంతుతో.

ముందు గదిలో తిరుమలరావు లేచి నిలబడినంత పనిచేశాడు. రాబర్ట్ చెప్పదలచుకున్న రెండు ముక్కలు చెప్పనివ్వకుండా తనే ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "మీతో పోట్లాడడానికి పిలవలేదండి. థాంక్స్ చెప్పడానికి పిలిచాను. మా ఇంట్లో అందరూ చాలా మంచివాళ్లు. నేనేం రాసినా బ్రహ్మాండమంటారు. ఒక్కరూ చదవరు. చాలా కాలానికి నా కోడ్‌ని పూర్తిగా చదివి, అందులో తప్పుందనుకుని, నాతో కలబడ్డ మనిషి మీరొక్కరే."

ధనరాజ్ కళ్లు చెమర్చాయి. ఉల్లిపాయల వల్ల కాదు. తువ్వాలు నోటికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. సరిగ్గా అప్పుడే లక్ష్మణమ్మ సామాన్ల గది తలుపు తీసింది.

"ఒరే ధనరాజూ! బావకి పెరుగెయ్యాల, నువ్వీ సీకటి గదిలో మూతికి గుడ్డెట్టుకుని ఏటి సేస్తన్నావురా?"

ఆ మాట ఇంట్లో ఒకసారి, లాప్‌టాప్‌లో ఒకసారి వినబడింది.

ధనరాజ్ చేతిలోని ఫోన్లోంచి బావ గొంతు వచ్చింది, ఈసారి తెలుగులో.

"రాబర్ట్ గారూ, మీ అమ్మగారు పెరుక్కి పిలుస్తన్నారు. ఎల్లండి."

ధనరాజ్ తువ్వాలుతో సహా బయటికొచ్చాడు. రేఖ గుమ్మంలో బిగుసుకుపోయి నిలబడింది. అల్లుడు ఇప్పుడు సంచి సర్దుకుని స్టేషన్‌కి వెళ్లిపోతాడని, ఇక ఈ గడప తొక్కడని లక్ష్మణమ్మకు చెమటలు పట్టాయి.

"మొదట్నుంచీ నువ్వేనా?" అన్నాడు తిరుమలరావు.

"నానే బావా. మిషను సెయ్యి కాల్చేస్తన్నాది."

"నోరు లేదేటి? సెప్పొచ్చు గదా!"

"ఇంటల్లుడివి. నీకు తప్పని ఎలా సెప్తాం?"

"తప్పు కాదురా బాబూ! బ్యాటరీ ఎక్కువసేపొస్తాదని కావాలనే పెట్టేను. ఒక్క మాట అడిగుంటే సెప్పీసేవోణ్ణి. ఆ బ్రెజిల్ పిల్లికి ఈ తిప్పలుండేవి కావు." తిరుమలరావు గొంతు పెరిగింది. "పోనీ, నీ ఆఫీసు పని వారం వారం నాకు పంపుతావు. ఎప్పుడైనా బాగోలేదన్నానా?"

"లేదు బావా. బాగుందనే అన్నావు."

"బాగుందని సెప్పి, కూకుని అంతా సరిజేసి పంపేవోణ్ణి. నువ్వు తెరిచి సూస్తేగదా! ఒక్కగానొక్క బామ్మర్దివి, నిన్నేటన్నా అంటే మీ అప్ప నన్ను బతకనిస్తాదా?"

బావ తిప్పి పంపినదాన్ని ధనరాజ్ తెరవకుండానే ఆఫీసుకి పంపేవాడు, మొన్ననే అది చూసి మేనేజరు ఎంతో మెచ్చుకున్నాడు. ఆ మెప్పు అంతా ఒక్కసారి కళ్లముందు తిరిగి, అతను నేలమీద చతికిలబడ్డాడు. ముందుగా నవ్వింది రేఖ. ఆ నవ్వు తిరుమలరావుకి అంటుకుంది. చాలా రోజుల తర్వాత ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం చూసి, ధనరాజ్ సిగ్గు పడడం కూడా మరిచిపోయి నవ్వాడు.

"అయితే మందుల షాపు రాబర్ట్ ఏ పాపమూ ఎరగడేటి?" అంది లక్ష్మణమ్మ, నోటిమీద చెయ్యేసుకుని. దాంతో నవ్వులు రెట్టింపయ్యాయి.

రెండు ప్లగిన్లూ కలిపి ఒకటి చేసేశారు. బ్యాటరీ కోసం తిరుమలరావు కొంత తగ్గాడు, చేతుల కోసం ధనరాజ్ కొంత తగ్గాడు. ప్రపంచం నిశ్శబ్దమైంది. అంతటితో ఊరుకోవచ్చు కదా, తిరుమలరావు చొక్కా చేతులు మడిచి బామ్మర్దిని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఇక మొహమాటాల్లేవు. నీ ఆఫీసు పని తియ్. మొదట్నుంచీ సూద్దాం. ఇదేటి? ఇలా ఎవడన్నా రాస్తాడేటిరా?"

వెనకటి రోజుల్లోలాగే ఆయన గొంతు వీధిలోకి వినబడుతోంది. వంటగదిలో రేఖ టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఆ కేకలు వింటోంది. తిరుగు రైలు వెళ్లిపోయింది. ఎవరూ గడియారం చూడలేదు. ధనరాజ్ తప్పులు ఒకటొకటే బయటికొస్తున్నాయి, ఆఖరుకి అతను రాసిన వాటిలో ఆ రోజు బావ మెచ్చుకున్నది ఒక్క రాబర్ట్ కోడ్‌నే.