కోరుట్ల బంద్‌విడ్త్

"తెలంగాణ ఢిల్లీల ఆగితే ఆగనీ! తెలంగాణ వెబ్‌సైట్ మాత్రం కోరుట్లల ఆగది!"

జగిత్యాల ప్రెస్‌మీట్‌లో బాలకిషన్ ఈ మాట అనగానే, వచ్చిన ముగ్గురు విలేకరుల్లో ఇద్దరు తలెత్తి చూశారు. మూడో ఆయన చేతిలో ఉన్న మిర్చి బజ్జీ పూర్తి చేసి అప్పుడు చూశాడు. అది రెండువేల పది సెప్టెంబరు. ఊరికో జేఏసీ, వాడకో దీక్షా శిబిరం ఉన్న రోజులు. కోరుట్ల డిజిటల్ పోరాట కమిటీని మాత్రం బాలకిషన్ ఒంటి చేత్తో స్థాపించాడు. దానికి అధ్యక్షుడు ఆయనే, అధికార ప్రతినిధీ ఆయనే. కార్యదర్శి పదవిని పెద్ద మనసుతో నర్సన్నకు వదిలేశాడు, నర్సన్నకు మోటార్ సైకిల్ ఉంది కాబట్టి. రెండేళ్ల కిందట కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించని బాలకిషన్ పేరు ఇప్పుడు కోరుట్లలో ప్రతి స్తంభానికీ వేలాడుతోందంటే, ఆ మనిషి పడ్డ కష్టం మనం అర్థం చేసుకోవాలి.

"సైట్‌కు ఖర్చెంతన్నా?" అని అడిగాడు బజ్జీ తిన్న విలేకరి.

"ఫ్రీ! ఉద్యమం ప్రజలది. ప్రజలది ఏదైనా ఫ్రీగనే ఉంటది" అన్నాడు బాలకిషన్.

ఆ ఫ్రీ వెబ్‌సైట్‌ను తయారు చేయాల్సిన మనిషి వెనక కుర్చీలో కూర్చుని వింటోంది. పేరు రత్నమాల. కోరుట్ల బస్టాండుకు ఎదురు సందులో మూడు కంప్యూటర్ల నెట్ సెంటర్ ఆమెది. పరీక్షల హాల్‌టికెట్లు తీసిస్తుంది, రిజల్ట్స్ చూసి చెబుతుంది, పెళ్లి కార్డులు టైపు చేస్తుంది. సైట్ చేసిపెట్టమంటే ఆమె ఫీజు మాట ఎత్తలేదు. "అన్నా, దాంట్ల ఒక్క పేజీ మా గల్ఫోళ్లకియ్యాలె" అని మాత్రం అడిగింది.

ఆ ఒక్క పేజీ మీదే ఆమె ప్రాణం ఉంది. నాలుగేళ్ల కిందట షార్జా పోయిన ఆమె భర్త దేవదాస్, ఐదు నెలలుగా అక్కడో లేబర్ క్యాంపులో చిక్కుకుపోయాడు. కంపెనీ మూతబడింది. పాస్‌పోర్టులు లాక్కున్న మేనేజర్ మాయమైపోయాడు. క్యాంపులో మిగిలింది మొత్తం పన్నెండు మంది, అందరూ కోరుట్ల, మేడిపల్లి, కథలాపూర్ వాళ్లు. అసలు ఇట్లాంటి కూలీలు మా దగ్గర లేనే లేరని కంపెనీ మూతబడేముందే కాగితం రాసిచ్చింది. అక్కడ ప్రవాస బంధు సంఘం నడిపే జాన్ సార్ రత్నమాలకు ఫోన్ చేసి విడమరిచి చెప్పాడు. "అమ్మా, వాళ్ల పేర్లు, ఫోటోలు నెట్‌లో నలుగురికీ కనపడేలా పెట్టండి. భార్య పెట్టిన పేజీ అంటే ఎవరూ నమ్మరు, ఏదైనా సంఘం పేరు మీద ఉండాలి. అక్టోబరు ఒకటి శుక్రవారం నాకు సెలవు. ఆ పొద్దున్నే ప్రింటు తీసి, వాళ్లకు విమానం టికెట్లు కొనిచ్చే దాతకు అందిస్తాను. ఆ రోజు తప్పితే మళ్లీ ఎప్పుడో నేను చెప్పలేను."

అందుకే ఆమెకు సంఘం కావాల్సి వచ్చింది. సంఘానికి బాలకిషన్ కావాల్సి వచ్చింది.

మర్నాడు నెట్ సెంటర్‌లో ఆమె నిజాయితీగా మంచిచెడ్డలు రెండూ చెప్పబోయింది.

"అన్నా, ఫ్రీల లాభమున్నది, నష్టమున్నది."

"లాభం చెప్పు చెల్లె."

"ఫ్రీ."

"ఇగ నష్టం ఎక్కడిది?"

"సైట్ పేరు వెనక వాళ్ల కంపెనీ పేరు తోక లెక్క ఉంటది. మన పేజీల వాళ్ల యాడ్‌లు పడ్తయ్. నెలకు ఇంత అని లిమిట్ ఉంటది, ఎక్కువ మంది చూస్తే సైట్ ఆగిపోతది."

"ఎక్కువ మంది చూస్తే ఆగుతదా?" బాలకిషన్ నవ్వాడు. "చెల్లె, ఎక్కువ మంది చూస్తే సర్కారే ఆగుతది, సైట్ ఎంత!"

ఊరికే వస్తే మావాడు మరొకడున్నాడన్నట్టు, బాలకిషన్ అదే ఊపులో ఇంటర్ ఫెయిలైన నర్సన్నను కమిటీ ఐటీ వింగ్ ఇన్‌ఛార్జిగా కూడా నియమించాడు.

సైట్ తయారైంది. మొదటి పేజీలో 'ఆంధ్రా పాలకులారా, ఖబడ్దార్!' అని ఎర్రటి అక్షరాలు. దాని కిందే, ఫ్రీ కంపెనీ వాళ్ల యాడ్ మిణుకుమిణుకుమంటూ, 'విశాఖ సముద్రం ఒడ్డున ప్లాట్లు, త్వరపడండి'. రత్నమాల గబగబా ఆ ముక్కను చేత్తో కప్పింది. బాలకిషన్ మాత్రం రెండు నిమిషాలు కళ్లు మూసుకుని ఆలోచించి, అందులో ఉన్న విజయాన్ని పసిగట్టాడు.

"చూసినవా నర్సన్నా? మన పేజీల జాగ కోసం వాళ్లే అచ్చి కాళ్ల కాడ పడ్డరు. ఉండనీ."

తర్వాత ఫోటో సంగతి వచ్చింది. ఫ్లెక్సీ కోసం తీయించిన ఫోటోనే ఉన్నది ఉన్నట్టు ప్రతి పేజీ పైనా పెట్టమన్నాడు. బరువెక్కువన్నా, జర చిన్నగ చేస్తా అంది ఆమె.

"ఫోటో చిన్నగైతే లీడర్ చిన్నగైతడు చెల్లె. గల్ఫు పేజీల గూడ పెట్టు. నా పేరు ఒకటో నంబరు వెయ్యి. అవ్, ఉద్యమంల ముంగట నడిచేటోడు లిస్టుల ముంగట ఉండద్దా?"

పేజీ పోతుందేమోనన్న భయంతో ఆమె వేసింది. తన మొగుణ్ని ముందు పెట్టుకుందని రేపు ఎవరూ వేలెత్తి చూపొద్దని, దేవదాస్ పేరు అప్పటికే అందరికంటే కింద రాసుకుంది. బాలకిషన్ ఫోటో గోడ గడియారమంత వచ్చింది. కింద కూలీల మొఖాలు తపాలా బిళ్లలంత వచ్చాయి.

అంతా బాగానే ఉండేది, సైట్ అడుగున ఎంతమంది చూశారో చెప్పే కౌంటర్ ఒకటి లేకపోతే. నాలుగో రోజున సిరిసిల్ల నుంచి పిడుగులాంటి వార్త వచ్చింది. సిరిసిల్ల కమిటీ వాళ్లు కూడా సైట్ పెట్టారు, వాళ్ల కౌంటర్ పదకొండు వేలు దాటింది. కోరుట్ల కౌంటర్ నూట తొమ్మిది. అందులో సగం రత్నమాలవే.

"నర్సన్నా, కోరుట్ల ఇజ్జత్ పోయింది!" అని గర్జించాడు బాలకిషన్. కీబోర్డు మీద ఎఫ్-ఫైవ్ నొక్కిన ప్రతిసారీ కౌంటర్ ఒకటి పెరుగుతుందని నర్సన్న కనిపెట్టి చెప్పాడు. అంతే. నెట్ సెంటర్ ముందు టెంటు వెలిసింది. 'రిలే రిఫ్రెష్ దీక్ష' అని బ్యానర్ కట్టారు. మూడు కంప్యూటర్ల ముందు ముగ్గురు కార్యకర్తలు మెడలో దండలతో కూర్చుని, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎఫ్-ఫైవ్ నొక్కారు. మూడో రోజు గంభీరావుపేట నుంచి సంఘీభావంగా కొందరు వచ్చి ఒక గంట నొక్కి పోయారు. ఆరు గంటలకు నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసేవాడు బాలకిషన్.

"అన్నా, లిమిట్ ఉన్నదని చెప్పిన గదనే! నీ దండం పెడ్త, ఆపుండ్రి" అని రత్నమాల బతిమాలింది.

"త్యాగాలకు లిమిట్ ఉండదు చెల్లె" అన్నాడు ఆయన.

సెప్టెంబరు ఇరవై ఏడున, కౌంటర్ ఇరవై వేలకు చేరువలో ఉండగా సైట్ మాయమైంది. తెల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒకే ముక్క: బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఎక్సీడెడ్. నెలకు ఇంత అన్న ఆ లిమిట్ అయిపోయిందని అర్థమై రత్నమాల నెత్తి మీద చేతులు పెట్టుకుని స్టూలు మీద కూలబడింది. ఐటీ వింగ్ ఇన్‌ఛార్జి ముందుకు వంగి కూడబలుక్కుంటూ చదివాడు.

"బంద్... విత్... లిమిట్... ఎక్సీడెడ్. అన్నా! బంద్‌ల లిమిట్ దాటిందని రాసిండ్రన్నా!"

"ఎవలు?"

"ఇంగ్లీషుల ఉన్నదంటే సర్కారే అయ్యుంటది."

"కాదన్నా," రత్నమాల లేచి నిలబడింది. "అది బంద్ కాదు, బ్యాండ్. బ్యాండ్‌విడ్త్ అంటే..."

"బ్యాండ్ ఎందుకుంటది చెల్లె, పెండ్లా ఏమన్ననా?" అని ఆమె నోరు మూయించి, బాలకిషన్ బయట టెంటు కిందికి వచ్చి మైకు అందుకున్నాడు. "అన్నలారా, అక్కలారా! మన బంద్‌లు లిమిట్ దాటినయని సర్కారు మన సైట్ మీద నోటీసు అతికించింది! బంద్‌లకు లిమిట్ పెట్టేటందుకు వీళ్లెవ్వలు? దీనికి నిరసనగా రేపు కోరుట్ల బంద్!"

మర్నాడు బంద్ సంపూర్ణం, ప్రశాంతం. కోరుట్లలో అన్నిటికంటే ముందు మూయించిన షాపు రత్నమాల నెట్ సెంటర్. ఉద్యమ కార్యాలయమే ముందుండి ఆదర్శం చూపాలని నర్సన్న స్వయంగా షట్టర్ దించాడు. షట్టర్ లోపల ఆమె ఒంటరిగా కూర్చుని ఏడ్చింది. ఫ్రీ కంపెనీ లిమిట్ మళ్లీ ఒకటో తారీఖునే మొదలవుతుంది. ఆ పొద్దున సైట్ తెరుచుకుంటుంది, జాన్ సార్ ప్రింటు తీసుకునేదాకా అది బతికి ఉంటే చాలు. అంటే ఆ కాసేపు కోరుట్ల జనం దాన్ని చూడకూడదు. ఆంధ్రా నుంచి అమెరికా దాకా ఎవరు చూసినా పర్వాలేదు, బాలకిషన్ మనుషులు చూడకుంటే చాలు.

అదే మాట చెబితే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఒకటో తారీఖు తెరుస్తున్నరా? సర్కారు దిగొచ్చిందన్న మాట! ఒక్క బంద్‌కే! నర్సన్నా, శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి విజయోత్సవం. వంద మంది ఒక్కపారి ఎఫ్-ఫైవ్ కొట్టాలె. జగిత్యాలల ఉన్న నెట్ సెంటర్లన్నిటికీ మన పిలగాండ్లను తోలు."

రత్నమాల గోడ మీది క్యాలెండర్ కేసి చూసింది. ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి, ఇంట్లో పంచాంగం ఎరగదు. కానీ ఏళ్ల తరబడి పెళ్లి కార్డులు టైపు చేసిన చెయ్యి గనుక, మంచి గడియలూ చెడ్డ గడియలూ ఆమెకు నోటికి వచ్చు.

"మంచిదే అన్నా. గని శుక్రవారం పదిన్నరకెళ్లి పన్నెండు దాంక రాహుకాలం. తొమ్మిదింటికి మీటింగ్ షురూ జేస్తే, నీ స్పీచ్ అయ్యేసరికి బటన్ నొక్కుడు రాహుకాలంల పడ్తది. పోయిన పారి గిట్లనే పడ్డదేమో, అందుకే సైట్ పోయిందేమో."

బాలకిషన్ వేళ్ల మీద గంటలు లెక్కపెట్టుకున్నాడు. తన స్పీచ్ గంటన్నరకు తక్కువ ఉండదని ఆయనకూ తెలుసు.

"రెండింటికి పెట్టు నర్సన్నా."

శుక్రవారం పదకొండున్నరకు జాన్ సార్ నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మా, పేజీ చక్కగా తెరుచుకుంది, రంగుల్లో ప్రింటు తీశాను. అందరి వివరాలూ ఉన్నాయి. దేవుడి దయ వల్ల ఈ విడతకు సరిపడా టికెట్లు ఇస్తానని దాత మాటిచ్చాడు." రత్నమాల ఫోన్ కళ్లకద్దుకుంది. మధ్యాహ్నం రెండింటికి వంద మంది ఎఫ్-ఫైవ్ కొట్టారు, సాయంత్రం నాలుగున్నరకు సైట్ మళ్లీ కన్ను మూసింది. ఆమె పట్టించుకోలేదు. నాలుగేళ్లుగా మూల పడేసిన దేవదాస్ చెక్కుల చొక్కా తీసి ఉతికి ఇస్త్రీ చేసింది.

పన్నెండు రోజులకు గల్ఫు వాళ్లు దిగుతున్నారని తెలిసి, బాలకిషన్ బస్టాండు ముందు తన నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. 'వెబ్‌సైట్‌తో విమానం దింపిన మొనగాడు'. డప్పులు మోగుతుండగా హైదరాబాద్ బస్సు వచ్చి ఆగింది. మనుషులు ఒక్కొక్కరే దిగుతున్నారు, ఇంటి వాళ్లు మీద పడి ఏడుస్తున్నారు. రత్నమాల ఒక్కొక్క మొహమే చూస్తూ నిలబడింది. పదకొండో మనిషి మేడిపల్లి ఓదెలు. ఆయన దిగాక కండక్టర్ తలుపు వేసేశాడు.

"ఓదెలన్నా, మా ఆయనేడి?"

ఓదెలు తల దించుకున్నాడు. "టికెట్లు పన్నెండే అచ్చినయ్ చెల్లె. లిస్టుల పైకెళ్లి పన్నెండు పేర్లు పిలిచిండ్రు. మేం ఎంతో చెప్పి చూసినం, వాళ్లు కాయిదం చూపిచ్చిండ్రు."

అప్పుడే ఆమె చేతిలో ఫోన్ మోగింది. షార్జా నంబరు. పక్కనే స్టేజీ మీద బాలకిషన్ మెడ నిండా దండలతో మైకు సరిచేసుకుని, విమానంలో ఒక సీటు ఖాళీగా వచ్చిందని తనకు ఇప్పుడే తెలిసిందనీ, తెలంగాణ బిడ్డకు దక్కాల్సిన సీటు ఖాళీగా తెచ్చిన కుట్రకు కారకులెవరో తేలేదాకా రేపటి నుంచి నిరవధిక బంద్ అనీ ప్రకటిస్తున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. రత్నమాల ఒక చెవి మూసుకుంది.

"రత్నా, ఏడుస్తున్నవా? ఏడ్వకు. నా పేరు పదమూడోది అయ్యింది, నసీబు. మొదటి పేరాయన విమానం కాడికి రానే రాలేదు. జాన్ సార్ నాలుగు క్యాంపులు తిరిగి ఎతికిండు, దొరకలే. టికెట్ ఆయన పేరు మీద ఉండె, నన్ను ఎక్కనియ్యలే. సీటు గట్లనే ఖాళీగ పోయింది."

ఆమె ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"నాకేం గాదు, నేను మళ్ల విడతల వస్త. గాయన సంగతే పాపం. లిస్టుల ఫోటో చూసిన, మా అందరికన్న పెద్దగ పెట్టిండ్రంటే ఎంత కష్టంల ఉన్నడో ఏమో. ఏ ఎడారిల పడి ఉన్నడో. మన కోరుట్లాయననే అంట, బాలకిషన్ అంట పేరు. వాళ్లింటోళ్లు ఎక్కడన్న కనబడితే, జర ధైర్యం చెప్పు."