ప్రకటనకు తగిన పిల్లి

ఊళ్లో ఏ పిల్లి కడుపులోనూ కొంకిపురుగు లేదని పశువుల శాఖ మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు. పరీక్షలు వచ్చే సోమవారం మొదలవుతాయని కూడా అదే సభలో చెప్పారు. ఇంత ముందుచూపున్న మనిషిని నేనెక్కడా చూడలేదు.

నేను సర్కారు ల్యాబ్‌లో శాంపిల్ సీసాలకు లేబుళ్లు అంటించేవాణ్ణి. మా మనవరాలు చదివే బడిలో ఒక ఇసుక గుంత ఉంది. పిల్లులకు అదే మరుగుదొడ్డి, పిల్లలకు అదే ఆటస్థలం. రెండు నెలలుగా మా పిల్ల పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది. నాకు దిగులు పట్టుకుంది.

"పిల్లుల కొంకిపురుగుల్లో ఒక రకం మనుషుల పేగుల్లోనూ చేరి రక్తం తాగుతుంది బాబాయ్," అంది మా ల్యాబ్ డాక్టరమ్మ. "మైక్రోస్కోపులో గుడ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. డీఎన్ఏ చూస్తేనే ఏ రకమో తేలుతుంది. తేలిందంటే బడి పిల్లలందరికీ మాత్రలిప్పిస్తా, ఇసుక తీయిస్తా."

ఆమె ఆ గుంతలోంచి పిల్లి పెంట నింపి తెచ్చిన పన్నెండు సీసాలను మా ల్యాబ్ డైరెక్టరుగారు వెనక్కి పంపారు.

"యజమాని సంతకం లేదేంటమ్మా?"

"వీధి పిల్లులు సార్."

"అయితే వాటినే పెట్టమను."

మంత్రిగారి మాట పోకూడదంటే పురుగు లేని పిల్లి కావాలి. సంతకం పెట్టే యజమానీ కావాలి. రెండూ మంత్రిగారింట్లోనే దొరికాయి. ఏసీలో నిద్ర, డబ్బా చేపలు, నెలనెలా వైద్యుడు. ఊళ్లోని వార్డులన్నిటి నుంచీ తేవాల్సిన మూడు వందల శాంపిళ్లూ దాని దగ్గరే తీయాలని తీర్మానించారు. డైరెక్టరుగారు సూటు వేసుకుని, చెంచా పట్టుకుని నెల రోజులు దాని వెనకే నడిచారు. అది గోడ దూకి అవతలున్న మా మనవరాలి బడిలోకి వెళ్తే, తిరిగొచ్చేదాకా ఇవతలే నిలబడ్డారు. అంత ఓపిక కన్నతల్లికి కూడా ఉండదు.

"ఇన్ని వార్డులకీ ఒక్కటే పిల్లా సార్?" అన్నాను, లేబుళ్లు అంటిస్తూ.

"ఊరందరికీ ఒక్క మంత్రి సరిపోలేదూ?"

తర్వాతి వార్డు లేబులు అందుకున్నాను.

మూడు వందలూ పాజిటివ్ వచ్చాయి. అదీ మనుషులకు పట్టే రకం.

"ఊరంతా పాకిందా అమ్మా?" డైరెక్టరుగారికి చెమటలు పట్టాయి.

"ఊరి సంగతి తెలీదు సార్. పిల్లి డీఎన్ఏ కూడా చూశాను. మూడొందలూ ఒక్క పిల్లివే."

మంత్రిగారికి ఫోన్ వెళ్లింది. నాలాంటివాడైతే కంగారుపడేవాడు. ఆయన గంటలో విలేకరుల్ని పిలిచారు. "మూడు వందల జన్యు పరీక్షలు చేయించాను. ఊరు మొత్తమ్మీద జబ్బున్న పిల్లి ఒకే ఒక్కటని తేలింది. దానికి ఇందాకే మాత్ర వేశాం. కాబట్టి నేను ముందే చెప్పినట్టు, ఏ పిల్లికీ లేదు!"

సాయంత్రానికి మాత్రలొచ్చాయి. మంత్రిగారింటిల్లిపాదికీ, వంటవాడికీ, గన్‌మెన్లకూ, చెంచా పట్టిన డైరెక్టరుగారికీ. డాక్టరమ్మ బడికి కూడా అడిగింది.

"లేని జబ్బుకు మందెలా ఇస్తామమ్మా?" అన్నారు డైరెక్టరుగారు.

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. నేనే గట్టిగా అడిగేద్దామనుకున్నాను. కానీ ఆ లేబుళ్లన్నీ అంటించింది నా చేతులే.

విజయోత్సవం బడిలోనే పెట్టారు. ఇసుక మీద తివాచీ పరిచారు. పూలగుత్తి ఇవ్వడానికి మా మనవరాల్ని ఎంచారు. అది మూడడుగులేసి కూలబడబోతే ఇద్దరు టీచర్లు చెరో రెక్కా పట్టుకుని వేదిక ఎక్కించారు. మంత్రిగారు దాని బుగ్గ గిల్లి మైకు అందుకున్నారు.

"చూడండి, పిల్ల ఎంత తెల్లగా, ముద్దుగా ఉందో! ఆరోగ్యమంటే ఇదీ!"

మర్నాడు పేపర్లన్నిట్లో ఆ ఫొటోయే. టీచర్ల చేతులు కనబడకుండా కత్తిరించి వేశారు.