ముందు లాకరు, వెనక పంతం

గురువారం పొద్దున బావ వేసుకున్న పథకం చిన్నది. జీపును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాలి. వెనక చక్రాలకు ఇంజను బలం పంచే డిఫరెన్షియల్ మార్పించాలి. పొద్దు గూకేలోగా ఇంటికి రావాలి. ఇందులో చెడిపోయేందుకు ఏమీ లేదు, బావమరిది అనేవాడు ఒకడు లేకపోతే.

జీపు ఇద్దరిదీ. ఒక రోజు బావ నడుపుతాడు, మర్నాడు బావమరిది. కొండ మీది టవరుకు పనివాళ్ళను ఎక్కించి దించడమే ఇద్దరికీ బతుకుతెరువు. పోయిన వానాకాలం జీపు బురదలో దిగబడితే బావమరిది వెనక నిలబడి తోశాడు, బావ యాక్సిలరేటర్ తొక్కాడు. బురదంతా లేచి బావమరిది నెత్తిన పడింది. చూసినవాళ్ళు నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే ఇంట్లో పడుకుంటారు, ఒకే గిన్నెలోది తింటారు, చెప్పుకోవాల్సినవి మాత్రం ఇల్లాలి చేత చెప్పిస్తారు. ఆమె ఒకరికి పెళ్ళాం, ఒకరికి అక్క. ఇద్దరికీ టెలిఫోను.

ఈ వానలకు కొండదారి కోసుకుపోయింది. శనివారం టవరు కంపెనీ ఇంజనీరు వచ్చి స్వయంగా చూస్తానన్నాడు. ఆయన కళ్ళ ముందు ఆ బురద వాలు ఎక్కిన బండికే పని. ఎక్కలేకపోతే పని పక్కవీధిలో ఇంకో బండి ఉన్న బుంగమీసాలాయనకు పోతుంది, జీపు అమ్మకానికి పోతుంది. జీపు నడపడం తప్ప ఆ ఇంట్లో మగవాళ్ళిద్దరికీ వేరే విద్య లేదు.

మెకానిక్ జీపు కింద నుంచి బయటికి పాకి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఇప్పుడున్నది మామూలుది సార్. ఒక చక్రం బురదలో జారిందనుకోండి, ఇంజను బలమంతా దానికే పోతుంది. గట్టినేల మీదున్న రెండోది ఊరికే నిలబడి చూస్తుంది."

"మా ఇంట్లోనూ అదే తంతు. మందేమిటో చెప్పు."

"మూడున్నాయి. లిమిటెడ్ స్లిప్ అని ఒకటి, జారే చక్రాన్ని కొంచెం పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ లాకర్ ఇంకోటి, మీరు యాక్సిలరేటర్ తొక్కగానే రెండు చక్రాల్నీ కలిపి బిగించేస్తుంది. బలం బలమే, కానీ మలుపులో మొండికేస్తుంది. మూడోది స్విచ్చు లాకర్. నొక్కితే బిగుస్తుంది, తీస్తే మామూలే. నా మాట వినండి, వెనక స్విచ్చుది వేసుకోండి, ముందు చక్రాలకు మాత్రం లాకర్ జోలికి పోకండి."

బావకు ఆ మాట నచ్చింది. తల కూడా ఊపాడు. మెకానిక్ అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. వాడు ఊరుకోలేదు.

"మీ బావమరిది గారు కూడా నిన్న వచ్చి ఇదే బాగుందన్నారు సార్."

బావ తల ఊపడం ఆపాడు. "వాడు బాగుందన్నాడా?"

"ఇదే వేయించాలన్నారు."

"అయితే అది వద్దు. లిమిటెడ్ స్లిప్ వెయ్యి."

"సార్, అంత బురదలో అది ఒక్కటే సరిపోదేమో..."

"డబ్బిచ్చేది నేను. బురదలోకి దిగేది నేను. నీకొచ్చిన నష్టమేమిటి?"

మెకానిక్‌కు నష్టం లేదు. వేశాడు.

శుక్రవారం జీపు బావమరిది చేతికొచ్చింది. అతను నేరుగా షెడ్డుకే వెళ్ళాడు. వెనక లిమిటెడ్ స్లిప్ పడిందని విని ముఖం మాడ్చుకున్నాడు.

"నాకు స్విచ్చుది కావాలని ఆయనకు చెప్పావా?"

"చెప్పానన్నా. చెప్పాకే వద్దన్నారు."

"ఓహో. అయితే ముందు చక్రాలకు ఆటోమేటిక్ లాకర్ వెయ్యి."

"ముందు వద్దన్నా. ఫోర్ వీల్ వేసి, నాలుగు చక్రాలకూ బలమిచ్చి మలుపులో తొక్కితే స్టీరింగు తిరగదు. బండి తిన్నగా పోతుంది."

"నా చేతులున్నది ఎందుకు? నేను తిప్పుతా."

ఆ సాయంత్రం అతను వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఇల్లాలు అంట్లు తోముతోంది. "అక్కా, బావకు చెప్పు. ముందు ఆటోమేటిక్ లాకర్ వేయించాను. ఫోర్ వీల్‌లో ఉన్నప్పుడు మలుపు రాగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యమను. తీస్తే లాకర్ వదిలేస్తుంది, బండి తిరుగుతుంది. తొక్కితే తిరగదు. గుర్తుంటుందా?"

"నీ బావ పక్కగదిలోనే ఉన్నాడు. నోరు పడిపోయిందా నీకు?"

"నువ్వు చెప్పవే తల్లీ."

ఆమె గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, పక్కగదిలోకి వెళ్ళింది. పొద్దుట్నుంచి ఇలాంటి కబుర్లు ఎన్ని మోసిందో ఆమెకే తెలియదు. వాటిలో ఒకటి, సబ్బు ఎవరు అరగదీశారన్నది. "ముందు కూడా ఏదో బిగించాడట. జాగ్రత్తగా నడపమంటున్నాడు," అంది.

"నాకు నేర్పుతాడా వాడు?" అన్నాడు బావ.

"నేర్పుతాడా అంటున్నాడు," అని ఆమె వంటింట్లోకి కేకేసి, మంచమెక్కింది.

శనివారం బావ వంతు. పని ఇద్దరిదీ కాబట్టి ఇద్దరూ బయల్దేరారు. మాటలు మొయ్యాలి కాబట్టి మధ్యలో ఇల్లాలిని కూర్చోబెట్టారు. వీధి చివర ఇన్ని నీళ్ళు నిలిచి ఉన్నాయి. కుక్కపిల్ల నడిచి దాటే నీళ్ళు. కొత్త సామాను సంగతి చూద్దామని బావ అక్కడే ఫోర్ వీల్ వేశాడు. నీళ్ళు దాటాక దర్జీ కొట్టు దగ్గర మలుపు. బావ స్టీరింగు తిప్పాడు. స్టీరింగు కొంచెం తిరిగి, చేతుల్ని విదిలించి, వెనక్కి వచ్చేసింది. బావకు కోపం వచ్చి ఇంకా గట్టిగా తొక్కాడు. జీపు తిన్నగా వెళ్ళి దర్జీ బల్లను గోడకు ఆనించి నిలబడింది. దర్జీ అంతకు ముందే లేచాడు కాబట్టి బతికాడు.

"నీ తమ్ముడు స్టీరింగును ఏం చేశాడో అడుగు," అన్నాడు బావ.

"అక్కా, మలుపులో తొక్కొద్దని చెప్పి పంపానని చెప్పు."

"నాకెవరూ చెప్పలేదని చెప్పు."

ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు తిరిగారు.

"చెప్పాను. జాగ్రత్తగా నడపమన్నాడని చెప్పాను," అంది ఆమె.

"అంతేనా? నేను చెప్పింది అంత పొడుగుంటే!"

"కుదించాను. మీ ఇద్దరి మాటలూ కుదించకపోతే నేను వంట ఎప్పుడు చెయ్యాలి?"

"నీ వల్లే ఇదంతా," అన్నాడు బావ. "నీ వల్లేనే అక్కా," అన్నాడు బావమరిది. ఏడాది తర్వాత ఇద్దరికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది. ఆమె కిందికి దిగి, వెనక సీట్లోకి ఎక్కి, చేతులు కట్టుకుని కూర్చుంది. "ఇక చచ్చినా మీ మాట ఒక్కటి మొయ్యను. మొయ్యమన్నవాడికి తిండి లేదు."

కొండ కింద బుంగమీసాలు అప్పటికే వాలు మీదికి బండి ఎక్కించి, సగం కూడా పోకుండానే దిగబడ్డాడు. పైన మలుపు దగ్గర చిన్న డేరా, దాని కింద గొడుగుతో ఇంజనీరు. బావ ఫోర్ వీల్ వేశాడు. జీపు బుంగమీసాలను పక్కకు వదిలి, బురదను చీల్చుకుంటూ పైకి పోయింది. నాలుగు చక్రాలూ పట్టాయి. ఎక్కుతుంటే చూడముచ్చటగానే ఉంది. తర్వాత మలుపు వచ్చింది.

బావమరిది అద్దం వైపు చూస్తూ అన్నాడు. "కాలు తీస్తే తిరుగుతుందని కొందరికి తెలియదు."

బావ కూడా అద్దంతోనే అన్నాడు. "కొందరు నోరు మూసుకుంటే అదే తిరుగుతుంది."

వెనక సీటు మాట్లాడలేదు. బావ పంతానికి కాలు తియ్యలేదు. జీపు తిరగలేదు. తిన్నగా వెళ్ళి డేరా గుంజలు విరగ్గొట్టి, గుడ్డను ముందు చక్రాలకు చుట్టుకుని ఆగింది. ఇంజనీరు పక్కనున్న గుంటలోకి దూకాడు. గుంటలో ఉన్నది ఆయనకు నడుము దాకా వచ్చింది.

"దిగండి," అన్నాడు ఆయన గుంటలోంచే. "మీకు పని లేదు. ఆ మీసాలాయన్ని రమ్మనండి."

"ఆయన దిగబడ్డాడండి," అన్నాడు బావ.

"అయితే లాగండి. అది కూడా నేనే చెప్పాలా?"

చక్రాలకు చుట్టుకున్న గుడ్డ పీకేసి, జీపు వెనక తాడు కట్టి కిందికి విసిరారు. బావ స్టీరింగు దగ్గర, బావమరిది తాడు దగ్గర. బావకు వెనక ఏమీ కనిపించదు. బావమరిది తాడు ఎక్కడ తగిలించాడో చూసి తనే భయపడ్డాడు. అది బుంగమీసాల బంపరు.

"అక్కా, ఆపమని చెప్పు."

ఇల్లాలు రాయి మీద కూర్చుని మబ్బుల్ని చూస్తోంది. జీపు కదిలింది. తిన్నగా పోవడంలో దానికి సాటి లేదు. బంపరు ఊడి జీపు వెంట పైకి వచ్చింది. బుంగమీసాలు, బండి, అక్కడే ఉన్నారు.

"బావా, ఆపు! నీకు చెవులు లేవా?"

జీపు ఆగింది. బావ తల బయట పెట్టాడు. "ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"చెబితే వినే మొహమేనా అది?"

"బంపరుకు తాడు కట్టేవాడికి మొహం కూడానా? కింద ఛాసిస్ చట్రానికి కట్టరా దద్దమ్మా."

"కడతా. నువ్వు మెల్లగా పోనీ. బురద నా మీద పడిందో, ఈసారి చంపుతా."

"పక్కకు నిలబడు మరి. పోయినసారీ పక్కకు నిలబడమనే అన్నాను."

"అనలేదు."

"అన్నాను. ఇంజను మోతలో నీకు వినపడి చావలేదు."

రెండోసారి బుంగమీసాల బండి బురదలోంచి ఊడి, తాడు వెంట మలుపు దాకా వచ్చింది. అక్కడి నుంచి గులకరాళ్ళ దారి. అది దాని మానాన అది ఎక్కిపోయింది. ఇంజనీరు బూట్లలో నీళ్ళు వంపుకుంటూ చాలాసేపు ఆ వాలునీ, జీపునీ చూశాడు.

"వానలు తగ్గేదాకా టవరుకు సామాను లారీలు వస్తాయి. అన్నీ ఇక్కడే దిగబడతాయి. మీ జీపు మలుపు తిరగక్కర్లేదు. ఇక్కడే ఉండి లాగుతుంటే చాలు. కానీ మీరిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఉండాలి. ఉండగలరా?"

బావమరిది బావ వైపు చేయి చూపించాడు. "ఈయనకు బుద్ధుంటే."

"వీడికి కళ్ళుంటే," అన్నాడు బావ.

"సరిపోతుంది. సోమవారం రండి," అన్నాడు ఇంజనీరు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర మొదలుపెట్టి ఏడాది బాకీ మాటలన్నీ ఇద్దరూ వడ్డీతో తీర్చుకున్నారు. ఆదివారం సాయంత్రానికి కూడా తీరలేదు. ఇల్లాలు రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి, ఇక చాలు, ఆపమని ఇద్దరికీ చెప్పింది.

ఆ కబురు ఎవరికీ అందలేదు.